రాయి అంటే ఆవాలు

మట్టిని పిసికి మనిషిని చేసి, ఆ మట్టి ముక్కులోకి తన ఊపిరిని ఊదిన దేవునికి స్తోత్రం. ఊపిరి వెళ్ళే దారినే వాసన కూడా వచ్చేలా చేసినందుకు స్తోత్రం. వాసన లేకపోయినా మనిషి బతకగలడు. అయినా ఇచ్చాడు. తొలి వానకు రోడ్డు మీంచి లేచే మట్టి వాసన, ఉతికి ఆరేసిన చీరలో దాక్కున్న ఎండ వాసన, పసిబిడ్డ మాడు వాసన, నూనెలో ఆవాలు చిటపటమనగానే వీధిదాకా పరుగెత్తే తాలింపు వాసన. మనం అడగకముందే ఇచ్చినవాటన్నిటికీ ఆయనకే మహిమ. ఆయనను తలచుకున్నాను కాబట్టి ఇక మా అత్తయ్య సంగతి చెబుతాను.

కొండాపూర్‌లో మేముండేది పాతకాలపు రెండంతస్తుల ఇల్లు. పైన మేము కిరాయికి ఉంటాం. కింద ఇంటి యజమానురాలు ఉంటారు. చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లయిపోయాయి, ఇదొక్కటే పొట్టిగా మిగిలింది. దానివల్ల మాకొక లాభం ఉంది. మా డాబా మీదికి ఎండ రెండు సార్లు వస్తుంది. పొద్దున తూర్పు నుంచి వచ్చేది అందరికీ వచ్చేదే. మధ్యాహ్నం దాటాక పడమటి వైపు ఎండను ఎత్తైన భవనాలు అడ్డుకుంటాయి, మా డాబా నీడలో మునిగిపోతుంది. కాసేపటికి అవతలి వైపున్న అద్దాల భవనం ఆ ఎండను పట్టుకుని మళ్ళీ మా మీదికి విసురుతుంది. ఆ వెలుగు పలచగా, నీళ్ళలోంచి వచ్చినట్టు కదులుతూ ఉంటుంది. అత్తయ్య దానికి అద్దాలెండ అని పేరు పెట్టారు.

"ఈ ఎండ మెత్తటిదమ్మాయ్. ఆవాలకి ఇదే మంచిది," అనేవారు.

పాత తెల్లచీర పరిచి, దాని మీద ఆవాలు పోసి, అరచేత్తో పలచగా నెరిపేవారు. ఆఫీసుకు సెలవైన రోజు నేను పక్కన గోడకానుకుని కూర్చునేదాన్ని. ఆ అద్దాలెండలో నల్లటి ఆవాలు కదలకుండానే కదిలేవి. చూస్తూ చూస్తూ ఉంటే అవి ఆవాలో, రాత్రి ఆకాశాన్ని తిరగేసి పరిచారో తెలిసేది కాదు. అత్తయ్య వాటి మధ్య వేలితో దారులు గీస్తూ ఏదో కీర్తన సన్నగా పాడేవారు. కింద రోడ్డు మీద షేర్ ఆటోల హారన్లు ఎంతో దూరం నుంచి, వేరే ఊళ్ళోంచి వస్తున్నట్టుండేవి.

మామయ్య ప్రభువు దగ్గరికి వెళ్ళాక అత్తయ్య గోదావరి వైపు నుంచి మా దగ్గరికి వచ్చేశారు. రైల్లో సామాన్లన్నీ మా ఆయన మోశారు గానీ, జాడీలు మాత్రం ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. పెద్దది కాళ్ళ మధ్య, చిన్నది ఒళ్ళో. మెడ దగ్గర బెల్లం రంగు, పొట్ట దగ్గర మీగడ రంగు ఉన్న పింగాణీ జాడీలు. పెద్దదానిలో ఆవకాయ, చిన్నదానిలో ఆవపిండి. స్టీలు డబ్బాలో పోసుకోవచ్చు కదా అని నేను కొత్తల్లో ఒకసారి అన్నాను.

"లోహానికి ఓర్పుండదమ్మాయ్. ఉప్పూ పులుపూ తగిలితే కక్కేస్తుంది. జాడీ అలాక్కాదు, లోపల ఎంత మంటున్నా బయటికి చల్లగానే ఉంటుంది," అన్నారు.

"మీలాగేనా అత్తయ్యా?"

"నాలాగా? మీ ఆయన్నడుగు," అని నవ్వారు.

జాడీ మూత పెట్టాక దాని మూతికి పలచటి గుడ్డ చుట్టి తాడుతో బిగించేవారు. దాన్ని వాసెన కట్టడం అంటారు. నాకు ఆ మాట ఎప్పుడూ వాసన అనే వినిపించేది. వాసన బయటికి పోకుండా కట్టేది కాబట్టి వాసెన అయిందేమో అనుకునేదాన్ని. అది సరైన అర్థమో కాదో ఎవరినీ అడగలేదు. కొన్ని మాటలు అడగకుండా ఉంటేనే మన దగ్గర ఎక్కువకాలం ఉంటాయి.

నేను నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం నా పని. మా ఆఫీసు క్యాంటీన్‌లో శాండ్‌విచ్‌తో పాటు చిన్న ప్యాకెట్లలో పసుప్పచ్చటి మస్టర్డ్ ఇస్తారు. ఒకరోజు దాన్ని చింపుతూ అనుకున్నాను, ఈ గింజ ఎంత దూరం తిరిగి వచ్చిందో అని. సింధు నది ఒడ్డున మట్టిలో కలిసిపోయిన పాత ఊళ్ళు తవ్వితే ఆవాలు దొరికాయట. రోమా దేశస్థులు దాన్ని ద్రాక్షరసంలో నూరుకునేవారట, ఆ రసం పేరే ఇంగ్లీషులో ఈ గింజకు పేరుగా స్థిరపడిందట. వాళ్ళూ మట్టి కుండల్లోనే దాచుకున్నారు. గలిలయలో మన ప్రభువు ఆవగింజ ఉపమానం చెప్పినప్పుడు ఆయన చుట్టూ కూర్చున్నవాళ్ళ ఇళ్ళలో కూడా ఏదో ఒక మూల, ఏదో ఒక మట్టి పాత్రలో అది ఉండే ఉంటుంది. ఆ మాట వినగానే వాళ్ళ కళ్ళకు గింజ కనపడిందో, ముక్కుకు ఘాటు తగిలిందో. పద్నాలుగో అంతస్తు కిటికీ దగ్గర శాండ్‌విచ్ చేత్తో పట్టుకుని అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కిందనున్న చెరువు, దాని పక్కన క్రేన్లు, అన్నీ మంచులో ఉన్నట్టు కనపడ్డాయి.

అత్తయ్యకు జ్వరం వచ్చింది ఆ తరవాతే. ఇంట్లో అందరికీ వచ్చింది, అందరికీ తగ్గింది. ఆవిడకూ తగ్గింది. మేం స్తోత్రాలు చెల్లించాం. ఒక మనిషిలోంచి ఒక్క వస్తువు మాత్రం జ్వరంతో పాటు వెళ్ళిపోయిందని మాకెవరికీ తెలియలేదు. ఆవిడకు కూడా తెలియలేదు. ఎందుకంటే తప్పు ఆవాలదే అనుకున్నారు.

ఆవకాయల రోజులు. చిటికెడు ఆవపిండిలో చుక్క నీళ్ళు కలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. పొడిగా ఉన్నప్పుడు ఆవపిండికి పెద్దగా వాసనుండదు, తడి తగిలితేనే నిద్ర లేస్తుంది. అప్పుడు ముందు వచ్చేది వాసన. ఆ వెనకాల వచ్చేది ముక్కు పైకెక్కే ఘాటు, పొడుపు. అత్తయ్య వాసన కోసం చూసి, అది రాకపోయేసరికి వేలు దించేశారు.

"చచ్చిన ఆవాలు. ఎప్పటివో అంటగట్టాడు," అన్నారు.

మా ఆయన వేరే కొట్టు నుంచి తెచ్చారు. అవీ చచ్చినవే. ఇంకో కొట్టు. అవీ అంతే.

"హైదరాబాదులో ఆవాలన్నీ ఒకేసారి చచ్చిపోయాయా అమ్మా?" అన్నారు మా ఆయన.

"నీకు తెలీదురా. ఇక్కడ నీళ్ళలోనే ఏదో ఉంది."

ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వస్తుంటే మెట్ల దగ్గరే మాడు వాసన కొట్టింది. పరుగెత్తాను. వంటింటి నిండా పొగ. మూకుట్లో తాలింపు బొగ్గయిపోయింది. అత్తయ్య పొయ్యి పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతూ కీర్తన పాడుకుంటున్నారు. కళ్ళనీళ్ళు కారుతున్నా అవి ఉల్లిపాయలవల్ల అనుకున్నారు. పొయ్యి కట్టేసి, "అత్తయ్యా, మాడింది తెలియలేదా?" అన్నాను. ఆవిడ మూకుడు వంక చూశారు. నా వంక చూశారు. మూకుడు ఎత్తి ముఖం దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చారు. చాలాసేపు అలాగే ఉన్నారు, తలుపు తట్టి ఎవరైనా తీస్తారేమోనని నిలబడ్డవాళ్ళలాగా.

"ఆవాలు బాగానే ఉన్నాయన్నమాట," అన్నారు చివరికి.

ఆ రోజు నుంచి తిండి తగ్గింది. పప్పు తడిగుడ్డలా ఉందనేవారు. పెరుగు సుద్దలా ఉందనేవారు. తరవాత్తరవాత ఎలా ఉందో చెప్పడం కూడా మానేసి, నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని చేయి కడిగేసుకునేవారు. గాజులు మణికట్టు దగ్గర ఆగేవి కావు, చేయి ఎత్తితే మోచేతిదాకా జారిపోయేవి. దవాఖానలో డాక్టరుగారు వాసన నరం దెబ్బతిందన్నారు. రావచ్చు, రాకపోవచ్చు, చెప్పలేమన్నారు. "వాసన కోసం ఎదురుచూద్దాం. కానీ తిండి కోసం ఎదురుచూడలేం. ఇంకా చిక్కిపోతే చేర్పించి ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుంది," అన్నారు. ఆ మాట విన్నాక అత్తయ్య ఇంటికొచ్చేదాకా ఆటోలో ముక్కు మీద కొంగు కప్పుకునే ఉన్నారు.

మా సంఘం కొండాపూర్‌లోనే ఒక జిమ్ పైన కిరాయి హాల్లో కూడుకుంటుంది. కింద వాళ్ళు ఇనుప బరువులు దించినప్పుడల్లా పైన మా ప్రార్థన కాస్త అదురుతుంది. అత్తయ్య కోసం స్త్రీలందరూ ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. పాస్టరు అయ్యగారు ఆవగింజంత విశ్వాసం గురించి చెప్పారు. ప్రార్థనయ్యాక అందరూ వచ్చి అత్తయ్య చేతులు పట్టుకున్నారు.

"మీకోసం ఈ రోజంతా ఏమీ తినలేదమ్మా," అంది ఒకావిడ.

"నేను తినట్లేదని మీరూ మానేస్తే ఇక తినేదెవరండీ?" అన్నారు అత్తయ్య. అందరూ నవ్వారు.

ఇక కింద ఇంటి ఆవిడ గురించి చెప్పాలి. మేమందరం ఆవిడను ఖాలా అంటాం. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని. వచ్చిన కొత్తలో అత్తయ్య అది ఆవిడ పేరనుకుని "ఖాలాగారండీ" అని పిలిచారు. అర్థం చెప్పాక, "దాదాపు నా ఈడావిడని పిన్నీ అని ఎలా పిలవను?" అని మళ్ళీ ఖాలాగారు దగ్గరికే వచ్చారు. ఆవిడ మాత్రం అత్తయ్యను "చెల్లె" అంటారు. ఖాలా సర్కారు బడిలో చాలాకాలం భూగోళం పాఠం చెప్పి రిటైరయ్యారు. బడిలో తెలుగు, వంటింట్లో దక్కనీ. ఇప్పుడు ఆవిడ మాటలో ఆ రెండూ ఒకే గిన్నెలో కలిసిపోయి ఉంటాయి.

ఒక శుక్రవారం నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఖాలా పైకి వచ్చి అత్తయ్యను పలకరించి వెళ్ళారట. అత్తయ్య ఆ సంగతి నాకు చెప్పలేదు. సాయంత్రమంతా గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు. గంజి పట్టుకెళ్తే అక్కర్లేదన్నారు.

మా ఇంట్లో ఎవరికైనా ఎవరి మీదైనా మనసు నొచ్చుకుంటే అది కుటుంబ ప్రార్థనలోనే బయటపడుతుంది. ముఖం మీద అనం. వంతు వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని దేవుడితో చెప్పుకుంటాం, మిగతావాళ్ళం వింటాం. ఆ సాయంత్రం అత్తయ్య వంతు వచ్చింది.

"ప్రభువా, కొడుకు రొట్టె అడిగితే ఏ తండ్రీ రాయి ఇవ్వడని నువ్వే చెప్పావు. నాకు రొట్టె సయించడం లేదు నాయనా. అది నా ఖర్మ అనుకోను, నీ చిత్తమే. కానీ కింద ఖాలాగారు, ఇన్నాళ్ళూ తోబుట్టువులా ఉన్నావిడ, నా నోట్లో రాయి పడాలంది. ఆవిణ్ణి క్షమించు. నాకూ క్షమించే మనసివ్వు. ఆమెన్."

మా ఆయన ఒక కన్ను తెరిచి నా వంక చూశారు. ఆమెన్ అన్నాక, "అమ్మా, ఆవిడ అలా అని ఉండదే," అన్నారు.

"నేను దేవుడితో చెప్పుకున్నానురా. నీతో కాదు."

"సరే. కానీ నాకూ వినపడింది కదా. అసలేమంది?"

"జర రాయి తిను చెల్లే అంది. నోట్ల రాయి పడితే అన్నీ తెలుస్తయ్ అంది. మా ఊళ్ళో శత్రువుని కూడా నోట్లో మన్ను పడ అంటారు గానీ, రాయి అనరు."

మర్నాడు శనివారం. పొద్దున్నే నేను కిందికి వెళ్ళాను. ఖాలా వంటింట్లో టీ మరిగిస్తున్నారు. కూర్చోమన్నారు. నేను నిలబడే ఉన్నాను.

"ఖాలా, నిన్న మా అత్తయ్యతో ఏమన్నారు?"

"ఏమన్నా? తింటలేదు, సన్నగైంది, పరేషాన్‌లున్నది. రాయి తినమన్న."

"రాయి ఎలా తింటారు ఖాలా?"

"నూరుకొని తినాలె. గట్లనే మింగితే ఏం తెలుస్తది?"

"రాయిని నూరుకునా?"

"మరి? మీరు నూరరా? మీ ఆంధ్రోళ్ళు రాయి లేకుంటే బతుకరు కదమ్మా! మీ పచ్చళ్ళ నిండ రాయే!"

ఖాలాకు నా ముఖంలో ఏం కనపడిందో, టీ పొయ్యి తగ్గించి, గూట్లోంచి ఒక చిన్న జాడీ దించారు. ముదురు గోధుమ రంగు, మెడ చుట్టూ చిన్న చెవులు. మూత తీసి అరచేతిలోకి ఒంపి నా ముందు పెట్టారు.

ఆవాలు.

"గిదమ్మా రాయి," అన్నారు. "మా ఇంట్ల దీన్ని రాయి అనే అంటరు. ఇంకేమంటరు?"

"మేం ఆవాలంటాం ఖాలా," అన్నాను. "మాకు రాయి అంటే..." గోడను చూపించాను. మెట్టును చూపించాను. చివరికి వంగి గుమ్మం దగ్గరి గులకరాయి తీసి చూపించాను.

ఖాలా ఆ గులకరాయిని చూశారు. తన చేతిలో ఆవాలను చూశారు. "యా అల్లా! చెల్లెను రాళ్ళు తినమన్ననా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆపుకోలేక, ఏడుపూ ఆపుకోలేక స్టూలు మీద కూర్చుండిపోయారు. ఇన్నేళ్ళు తెలుగు పిల్లలకు పాఠం చెప్పినావిడకు రాయి అంటే ఏమిటో తెలియక కాదు. వంటింటి మాట వంటింటి అర్థంతోనే నోటికి వస్తుంది, అంతే. టీ పొంగిపోయింది. ఇద్దరం దాన్ని పట్టించుకోలేదు.

ఆవిడ అలాగే ఆ జాడీ చంకలో పెట్టుకుని నాతో పైకి వచ్చారు. అత్తయ్య అలికిడి విని గోడవైపు తిరిగారు. నేను విషయం చెప్పబోయాను. ఖాలా వద్దని సైగ చేసి తిన్నగా మా వంటింట్లోకి నడిచారు. మా చిన్న రోట్లో ఆవాలు పోసి నూరడం మొదలుపెట్టారు. పొత్రం తిరుగుతున్న చప్పుడు ఇల్లంతా నెమ్మదిగా నిండింది. కిటికీలోంచి పొద్దుటి వెలుగు పిండి రాలినట్టు రాలుతోంది. మంచం మీద అత్తయ్య వీపు కదలడం లేదు, కానీ ఆవిడ వింటున్నారని నాకు తెలుసు. కాసేపటికి ఖాలా గట్టు మీదున్న ఫ్లాస్కు మూత తిప్పారు. ఆ చిన్న చప్పుడుకు అత్తయ్య వీపు కదిలింది.

"ఏంటది? వేడినీళ్ళా?" అన్నారు గోడవైపు నుంచే.

"అవును చెల్లె. జల్దీ నానుతయ్."

"అయ్యో అయ్యో! ఆవలో వేడినీళ్ళు పోస్తారుటండీ! చచ్చిపోతుంది!"

రోజుల తరబడి మా చేయి పట్టుకోకుండా లేవని మనిషి ఒక్కసారిగా లేచి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. ఫ్లాస్కు లాక్కున్నారు. "జరగండి మీరు. చన్నీళ్ళు, అదీ చుక్కచుక్కగా. తడిపి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు నూరాలి," అంటూ కూలబడి పొత్రం అందుకున్నారు. ఖాలా పక్కకు జరిగి, వినే పిల్లలా మోకాళ్ళు పట్టుకు కూర్చున్నారు. ఆవిడకు నిజంగా తెలియదో, తెలిసే చేశారో నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే, "టీచర్‌ను నేను, నాకు తెల్వనిది ఉంటదా?" అంటారని తెలుసు.

అత్తయ్య చుక్కచుక్కగా నీళ్ళు చల్లుతూ నూరారు. ముద్ద పసుపు రంగుకు తిరిగింది. అలవాటు కొద్దీ వంగి ముక్కు దగ్గరకు తెచ్చుకున్నారు. వాసన రాదని గుర్తొచ్చిందేమో, వెనక్కి తగ్గబోయి, ఆగారు. ఈసారి వేలి చివర తీసి నాలుక మీద పెట్టుకున్నారు.

ఖాలా రోలు మీదికి వంగారు.

అత్తయ్య చేయి రోలు అంచు మీద బిగిసింది. కళ్ళు పెద్దవయ్యాయి. బొటబొటా నీళ్ళు కారాయి. ముక్కు చివర పట్టుకుని, "అమ్మో!" అన్నారు.

"ఏమైంది అత్తయ్యా?"

"పొడిచింది."

"వాసనొచ్చిందా?"

"లేదు. వాసన లేదు. కానీ పొడిచింది. ఇదిగో ఇక్కడ, పైదాకా. ఎవరో లోపలికి వచ్చినట్టు..." ఇంకొంచెం పెట్టుకున్నారు. మళ్ళీ నీళ్ళు. ఏడుస్తున్నారో, ఆవ ఏడిపిస్తోందో తెలియదు, ముఖమంతా తడిసి మెరుస్తోంది. "అన్నం ఉందా?"

రాత్రి మిగిలిన అన్నం ఉంది. పెరుగు కలిపాను. అత్తయ్య అందులో ఆవముద్ద కలుపుకుని ఒక ముద్ద తిన్నారు. ఆగి ముక్కు పట్టుకున్నారు. ఇంకో ముద్ద తిన్నారు. చివరికి గిన్నె అడుగు కనపడింది. మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి గుమ్మంలో బ్రష్షు నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయారు.

వాసన వేరు, ఘాటు వేరు, రెండూ ఒకే నరం మీద నడవవని డాక్టరుగారు తరవాత చెప్పారు. ఒక దారి మూసుకుపోయినా రెండోది తెరిచే ఉండొచ్చట. నాకది ఆయన చెప్పకముందే ఆ వంటింట్లో కనపడింది. ఖాలాకు ఈ నరాల సంగతేమీ తెలియదు. వాళ్ళ అమ్మ ఎవరికైనా జ్వరమొచ్చి నోరు చప్పబడితే రాయి నూరి పెట్టేదట, అంతే.

చేతులు కడుక్కున్నాక అత్తయ్య చూపు ఆ గోధుమ రంగు జాడీ మీద పడింది. దగ్గరికి లాక్కుని మెడ చుట్టూ ఉన్న చెవులను వేలితో తడిమారు. "ఇదెక్కడిదండీ ఖాలాగారూ? ఎంత నున్నగా ఉందో."

"మా నానమ్మది. దీన్ని మర్తబాన్ అంటరు చెల్లె. బర్మా దేశంల మర్తబాన్ అని ఓడరేవు ఉండె. అక్కడికెల్లి ఓడల మీద ఇసువంటి జాడీలు వచ్చేటియట. ఊరి పేరే జాడీకి పేరయింది." టీచరమ్మ గొంతు వచ్చేసింది, గాల్లో వేలితో సముద్రం కూడా గీశారు.

"బర్మా అంటే రంగమేనా?"

"రంగం ఏంది?"

"మా వైపు రంగూనుని రంగమనేవారండీ. మా తాతయ్య చిన్నప్పుడు కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్ళారు, బియ్యం మిల్లులో పనికి. తిరిగొచ్చేటప్పుడు తెచ్చారట ఒక జాడీ. దాన్ని మేం రంగం జాడీ అనేవాళ్ళం. అచ్చం ఇలాగే చెవులుండేవి. నా చిన్నతనంలోనే పగిలిపోయింది."

ఇద్దరూ ఆ జాడీకి చెరోవైపు కూర్చున్నారు. ఒకరి సముద్రం మర్తబాన్ నుంచి వచ్చింది, ఇంకొకరిది రంగం నుంచి. రెండూ ఒకే నీళ్ళు. వాళ్ళ వేళ్ళు జాడీ మీద మెల్లగా తిరుగుతుంటే, నాకు మా కొండాపూర్ వంటింటి గచ్చు కింద ఆ నీళ్ళు కదులుతున్నట్టే అనిపించింది. పొగ కక్కే ఓడలు, వాటి అడుగున గడ్డిలో చుట్టిన జాడీలు, వాటి చీకట్లో ఎవరివో ఆవాలు. ఏ ఇంటికి వెళ్తామో తెలియకుండా, ఏ పేరుతో పిలుస్తారో తెలియకుండా వచ్చి చేరినవి. అవి కూడా మనుషుల్లాంటివే అనుకున్నాను. ఎవరో ఒకరు గూట్లో చోటిచ్చి, మూతికి గుడ్డ కట్టేవరకూ పరాయివే.

"నిన్న మిమ్మల్ని ప్రార్థనలో క్షమించేశానండీ," అన్నారు అత్తయ్య ఉన్నట్టుండి.

"దేనికి చెల్లె?"

అప్పుడు నేను చెప్పాను, గులకరాయి సంగతితో సహా. అత్తయ్య నా మాట పూర్తి కాకుండానే నోరు తెరిచి, తల పట్టుకుని, "ఓరి దేవుడా, నువ్వు ఆవాలిస్తే నేను రాయనుకున్నానా!" అని నవ్వారు. ఖాలా నవ్వారు. మా ఆయన బ్రష్షు తీసి నవ్వారు. ఎంతోకాలానికి ఆ ఇంట్లో అందరం ఒకే విషయానికి నవ్వడం అదే.

ఆదివారం సంఘంలో అత్తయ్య లేచి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పారు. పెద్ద మాటలేమీ లేవు. "ఆవగింజ చిన్నదని అందరూ చెబుతారండీ. చిన్నదే. కానీ అది మొండిది కూడా. దారులన్నీ మూసుకుపోయినా ఎక్కడో ఒక సందు చూసుకుని లోపలికి వస్తుంది. ప్రభువు దాన్ని ఎందుకు ఎంచుకున్నారో నాకిప్పుడు కొంచెం తెలిసింది," అన్నారు. అప్పుడే కింద ఎవరో ఇనుప బరువు దించారు. ఆవిడ ఆగి, "ఆమెన్," అన్నారు. హాలంతా ఆమెన్ అంది.

ఇప్పుడు మా ఇంట్లో అన్నిట్లోనూ ఆవ పెడుతున్నాం. అరటికాయ కూరలో, దోసకాయ పచ్చడిలో, పెరుగన్నంలో, ఒక్కోసారి ఉప్మాలో కూడా. మా ఆయన తుమ్ముతూ తింటారు, ఏమీ అనరు. దవాఖానలో బరువు చూసినప్పుడు ముల్లు పోయినసారి కంటే కాస్త అటువైపు జరిగింది. డాక్టరుగారు గొట్టం మాట ఎత్తలేదు. వాసన మాత్రం ఇంకా రాలేదు. కొన్ని రోజులు ఘాటు కూడా పనిచేయదు. అలాంటి రోజు ఆవిడ కంచం ముందు కూర్చుని మెతుకులను వేలితో అటూ ఇటూ జరుపుతుంటారు, దూరం నుంచి చూస్తే ఏదో రాస్తున్నట్టుంటుంది. ఖాలా తన నమాజు తరవాత దువా చేస్తున్నానన్నారు. మేం మా ప్రార్థనలో అడుగుతున్నాం. ఇది చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని మాతో కలవండి. ఏ భాషలోనైనా ఫరవాలేదు, ఏ మాటకు ఏ అర్థమో ఆయనకు తెలుసు.

తండ్రీ, ఈ పూట కంచం ముందు కూర్చున్న నీ కుమార్తెను చూడు. వాసన ఎప్పుడు తిరిగివ్వాలో అది నీ ఇష్టం, తొందరపెట్టం. కానీ చేయి అన్నం మీదికి వెళ్ళాలనే కోరికను ఆవిడ దగ్గర నుంచి తీసుకోవద్దు. ఇలా తినలేక కూర్చున్నవాళ్ళు ఈ నగరంలో ఏ అంతస్తులో, ఏ గదిలో ఉన్నా, వాళ్ళ పక్కన ఒకరిని కూర్చోబెట్టు. మొదటి ముద్ద నువ్వే కలిపి పెట్టు. ఆమెన్.